మూడో సెన్సారు

ఫిబ్రవరి నెలాఖరు. పదిన్నరకి ఆటు మొదలవగానే పడవ తీస్తానన్నాడు మా ఆయన సాంగ్‌మాన్. ఎనిమిదిన్నర నుంచే నాకు కాళ్ళు ఒకచోట నిలవలేదు. పడవ ఇంజనుకు కొత్త సెన్సారు బిగించాలి. బిగించాల్సిన టాక్ మేస్త్రీ, బావమరిది పోయాడని మొక్‌పో వెళ్ళాడు. మూడో రోజు దాకా రాడు.

"మేస్త్రీ వచ్చేదాకా ఆగితే ఏం పోతుంది?" అన్నాను.

"రేపట్నుంచి నాలుగు రోజులు గాలి. వలల మీద పెంచిన నాచుకి అప్పుడే పసుపు తిరుగుతోంది. ఇవాళ కొయ్యకపోతే వలల్లోనే కుళ్ళి రాలిపోద్ది. తర్వాత ఖాళీ వలలు చూసుకుంటా కూర్చోవాలి."

"మధ్యలో ఇంజను ఆగితే?"

"ఒడ్డున నిలబడి ఓ కేక వెయ్యి. నీ గొంతుకి సముద్రమే నన్ను వెనక్కి తోసేస్తుంది."

పక్క పడవలో వాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. డిసెంబరులో ఇదే ఇంజను జలసంధి మధ్యలో ఆగిపోయింది. మా జిందో దీవిలో ఆటూ పోటూ వరద ఏరులా పరుగెడతాయి. ఆ పరుగు ఆయన్ని దక్షిణానికి లాక్కుపోయింది. ఫోను నీళ్ళలో పడింది. పొద్దున ఏడింటికి ఆగిన పడవ సాయంత్రం నాలుగింటికి గస్తీ వాళ్ళ కంటపడింది. తొమ్మిది గంటలు. ఆసుపత్రిలో ఆయన చేతివేళ్ళు మైనం ముద్దల్లా ఉన్నాయి. ఎడమచేతి చిటికెనవేలికి ఇప్పటికీ స్పర్శ లేదు. అదో వరమన్నట్టు కాగే గిన్నెల మీద మూతలు ఆ వేలితోనే లేపి అందరికీ చూపిస్తాడు. నేను చూడలేను, లేచి వెళ్ళిపోతాను.

ఆ రోజు నుంచీ నేను కుదురుగా కూర్చుని నాలుగు మెతుకులు తిన్నది లేదు. పడవ వెళ్ళిందంటే రేవు మీద పచార్లే. కడిగిన బుట్టలే మళ్ళీ కడుగుతాను. చుట్టిన తాళ్ళు విప్పి మళ్ళీ చుడతాను. చర్చిలో ప్రార్థన చేస్తుంటే కూడా సగం చెవి సముద్రం వైపే ఉంటుంది.

"నేను బిగిస్తా సెన్సారు," అన్నాను.

మా ఆయన కోత బ్లేడ్లు నూరుతూ తలెత్తి చూశాడు. "నీకొచ్చా?"

"మేస్త్రీ చేస్తుంటే మూడుసార్లు పక్కనే నిలబడ్డాను. నువ్వేమో ప్రతిసారీ వెళ్ళి కాఫీ తాగావు."

"సరే, బిగించు. విరగ్గొడితే మాత్రం తెడ్డు వేసేది నువ్వే." బ్లేడ్లు పట్టుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. ఇంజను బాగున్నా బాగోకపోయినా ఆయన వెళ్తాడు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. నా చేతుల్లో ఉన్నదల్లా ఈ రెండు గంటలు.

ఆ సెన్సారు బొటనవేలంత ఉంటుంది. కాలిన పొగ బయటికి పోయే దారిలో ముక్కు పెట్టుకుని కూర్చుంటుంది. పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో వాసన పట్టి కంప్యూటరుకి చెబుతుంది. దాన్నిబట్టి పెట్రోలు ఎంత వదలాలో కంప్యూటరు తేల్చుకుంటుంది. ముక్కుకి మసి పట్టిందంటే లెక్క తప్పుతుంది. అప్పుడు ఇంజను పెట్రోలు తాగీ తాగీ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. మాది పాత రకం ఇంజను, కిందటి శరదృతువులో ఎవరో వాడి అమ్మేస్తే కొన్నాం. "ఇది పెద్ద అబద్ధాలకోరు చెల్లెమ్మా," అన్నాడు టాక్ మేస్త్రీ డిసెంబరులో పాత సెన్సారు చేతిలో పెట్టి. కొత్తది వేశాడు. జనవరిలో ఇంజను మళ్ళీ ఆగితే ఆ కొత్తదాన్ని ఊడదీసి కడిగి పెట్టాడు. పది రోజుల కిందట మళ్ళీ ఆగింది. పక్క పడవ వాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. మేస్త్రీ వచ్చి ఒక రోజంతా తిప్పలుపడి, దాన్నే మళ్ళీ కడిగి పెట్టి, తల గోక్కుని, బుసాన్ నుంచి మూడోది తెప్పించాడు. వింతేమిటంటే, ఆయన ముందు ఆ ఇంజను గుర్రంలా నడుస్తుంది. సముద్రంలోకి వెళ్ళి వేగం అందుకున్నాకే చస్తుంది. మేస్త్రీకి ఇదే మింగుడుపడలేదు.

మేస్త్రీ వచ్చిన ప్రతిసారీ మా అత్తగారు ముందురోజే చేపల పులుసుకి అన్నీ సిద్ధం చేసేది. ఆమెకు డెబ్బై ఆరు. యాభై ఏళ్ళు ఈ నాచు వలల మీదే బతికింది. పెద్దగా మాట్లాడదు. నేను చర్చిలో చేరి, ఆయన్నీ చేర్పించాక, ఇంట్లో ఆమె పూజలన్నీ ఆగిపోయాయి. ఈ ఇంజను కొన్నప్పుడు పడవకి మొక్కు తీరుద్దామంది. పంది తలకాయ పెట్టి, పడవ ముక్కు మీద బియ్యపు కల్లు, మక్కొల్లి, పోసి, ఊరందరికీ పంచాలి. నేను ఒప్పుకోలేదు. పాస్టరు గారిని తెచ్చి ఇంజను మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయించాను. "ఇక ఇది దేవుడి చేతిలో ఉంది అత్తయ్యా, పంది తలకాయ చేతిలో కాదు," అన్నాను నలుగురిలో. నా నోటికి అడ్డూ అదుపూ లేదని ఊరంతా అంటుంది. నిజమే. ఆమె ఆ రోజు ఒక్క మాట తిరిగి అనలేదు.

ఇవాళ పొద్దున్నే మోకాళ్ళకి సూదులు గుచ్చించుకోవడానికి టౌనుకి బస్సెక్కింది. మేస్త్రీ రావడం లేదు కాబట్టి ఇంజను ఎవరూ తెరవరనే అనుకుని ఉంటుంది.

ఇంజను మూత గొళ్ళాలు తీసి, ఆయాసపడుతూ పక్కకి దించాను. సెన్సారున్న చిన్న డబ్బాకి నాలుగు బోల్టులు. ఉప్పుగాలికి తుప్పు పట్టాయి. నూనె కొట్టి కాసేపు ఆగాలి. ఆగడమే నా వల్ల కాదు. పడవలో అటూ ఇటూ తిరిగాను. ఒడ్డు మీద పడవలు ఒక్కొక్కటీ తాళ్ళు విప్పుతున్నాయి. గడియారం తొమ్మిదీ పది. ఇక ఆగలేక స్పానరు వేశాను. మూడు బోల్టులు కదిలాయి. నాలుగోది మొండికేసింది. స్పానరు జారి వేలి కణుపులు చెక్కుకుపోయాయి. నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను, చర్చిలో నేర్చుకోనివి కూడా. నాలుగోదీ కదిలింది.

డబ్బా ఊడి వచ్చింది. సెన్సారు ముక్కు తారు పూసినట్టు నల్లగా ఉంది. పొగ వచ్చే సన్నటి కంత కూడా మసితో మూసుకుపోయింది. తీగ పెట్టి పొడిచాను, మందు కొట్టి కడిగాను, గుడ్డ నల్లబడటం మానేదాకా తుడిచాను. పది రోజుల్లో ఇంత మసి ఎక్కడిదని అప్పుడే అనుమానం వచ్చింది. పొయ్యికి గాలి ఆడకపోతే కదా గిన్నెకి మసి పట్టేది. కానీ ఆలోచించే తీరిక లేదు. కొత్త సెన్సారు ముక్కుకి చెయ్యి తగలకుండా తిప్పి బిగించాను. డబ్బా బిగించడం మొదలెట్టాను. మూడో బోల్టు చేతిలోంచి జారి ఇంజను ముందువైపు, గాలి పీల్చే పెట్టె కిందకి పడిపోయింది.

చెయ్యి దూర్చి వెతికాను. బోల్టు తగల్లేదు. పళ్ళు తగిలాయి.

చెయ్యి వెనక్కి లాగి పడవలో వెనక్కి పడ్డాను. ఎలుకేమో అనుకున్నాను. స్పానరుతో లాగితే బయటికొచ్చింది బుగో. కర్రలా ఎండబెట్టిన చేప, నోరు తెరుచుకుని, కళ్ళు తెరుచుకుని. ఒంటినిండా తెల్లనూలు చుట్టి ఉంది. కొత్త కారు కొన్నా కొత్త కొట్టు పెట్టినా పాతకాలపు వాళ్ళు కట్టేది ఇదే. నూలు ఆయుష్షుకి, చేప కాపలాకి. శుభ్రంగా ఉండాలని దాని కింద మల్బరీ కాగితం కూడా పరిచి చుట్టారు. సముద్రపు తేమకి చేప ఉబ్బింది, కాగితం మెత్తబడి ఒక చివర విడిపోయి వేలాడుతోంది.

ఇంట్లో ఇలాంటిది పెట్టే మనిషి ఒక్కరే.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది, అయినా కళ్ళతో చూడాలనిపించింది. బోల్టు దొరికింది, బిగించాను, సెన్సారు తీగ టక్కుమనేదాకా గుచ్చాను. చేపని తీసిన చోటే మళ్ళీ పెట్టాను. ఇంజను స్టార్ట్ చేశాను. నెమ్మదిగా నడుస్తుంటే కాగితం ఊరికే వణుకుతోంది. గేరు వెయ్యకుండా వేగం పెంచాను. కాగితం లేచి గాలిపెట్టె నోటికి చప్పున అతుక్కుంది. ఇంజను దగ్గింది, గొంతు మారింది, నల్లపొగ కక్కింది. వేగం తగ్గించగానే కాగితం జారి కింద పడింది, ఏమీ ఎరగనట్టు. చేపని తీసేసి అంతే వేగం పెంచాను. ఇంజను రేవంతా మోగేలా నడిచింది.

మేస్త్రీ వస్తున్నాడంటే అత్తగారు ముందుగా వచ్చి తీసేసేది. ఆయన వెళ్ళాక మళ్ళీ పెట్టేది. మేమేమో ఆ సెన్సారుని అబద్ధాలకోరు అన్నాం. నాకు కోపం ముంచుకొచ్చింది. మూడు నెలల నా పచార్లు, ఆయన చచ్చిన వేలు, తాడు కట్టి లాగిన పడవ, అన్నిటికీ కలిపి ఒకే మాటలో బదులు చెప్పాలనిపించింది. ఆ మాట కూడా నాలుక మీదే తయారుగా ఉంది.

పది గంటల బస్సు దిగి ఆమె నేరుగా రేవుకే వచ్చింది, కొడుక్కి టౌన్లో కట్టించిన అన్నం డబ్బా పట్టుకుని. పడవ అంచున ఉన్న చేపని చూసి ఆగిపోయింది.

"మేస్త్రీ వస్తాడని చెప్పలేదేంటమ్మాయ్?"

"రాలేదు. నేనే తెరిచాను."

మెల్లగా రేవు మెట్టు మీద కూర్చుంది. "ముందే చెప్తే తీసేసేదాన్ని కదా. నీ కంట పడనిచ్చేదాన్ని కాదు." నా మొహం చూసి అది చర్చి కోపం అనుకుంది. "పంది తల వద్దన్నావు, మానేశాను. ఓ చుక్క మక్కొల్లి పొయ్యొద్దన్నావు, పొయ్యలేదు. ఒక్క చేపే కదా. అది కూడా మీ దేవుడికి అడ్డమేనా?"

"ఎప్పుడు పెట్టారు?"

"ఇంజను తెచ్చిన రోజే. మీ పాస్టరు గారు చెయ్యి పెట్టి వెళ్ళాక నేను పెట్టాను." డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత సర్దుతోంది, సర్దిన మూతే మళ్ళీ సర్దుతోంది. "నువ్వు నవ్వినా నవ్వు. మూడుసార్లు ఆగిందా ఇంజను? మూడుసార్లూ తిరిగొచ్చాడు నా కొడుకు. ఆ చలిలో తొమ్మిది గంటలు ఇంకెవడైనా బతికేవాడా? ఈ చేప కన్ను మూయదమ్మాయ్. వాడు స్పృహ తప్పినా అది చూస్తానే ఉంది."

నేను గెలవడానికి ఒక్క మాట చాలు. ఏళ్ళ తరబడి ఆమెతో మాటలు లేకుండా సాగిన తగువంతా అక్కడితో తీరిపోయేది. రేవు మీద పచార్లు చేసింది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్ళూ. డెబ్బై ఆరేళ్ళ మనిషి ఎవరూ చూడకుండా ఆ బరువైన మూత ఎత్తి, మోచేతి దాకా లోపలికి దూర్చి, మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టింది. నా కడుపులో ఉన్న భయమే ఆమె కడుపులోనూ ఉంది. జాలో సిగ్గో, ఆ క్షణంలో రెండూ కలిసే వచ్చాయి.

కాగితం చింపి పారేశాను. చేపని తీసుకెళ్ళి పడవ ముక్కు దగ్గరి గుంజకి దాని నూలుతోనే గట్టిగా కట్టాను, అందరూ చూస్తుండగానే.

మా ఆయన బ్లేడ్లతో వచ్చాడు. చేపని చూశాడు, తల్లిని చూశాడు, నన్ను చూశాడు. "ఏంటి, పాస్టరు గారికి సెలవిచ్చేశావా?"

"నోర్మూసుకుని ఎక్కు. సెన్సారు బిగించాను."

"నడుస్తుందా?"

"నడుస్తుంది."

నా గొంతులో ఏం వినిపించిందో, ఇంకేమీ వాగకుండా ఎక్కాడు. పడవ రేవు దాటి వేగం అందుకుంది. నేను చెవులు రిక్కించి విన్నాను. ఇంజను గొంతు మారలేదు.

ఆమె కూడా వింటోంది. మొహం తేటపడింది. "నువ్వు మంచిదానివే అమ్మాయ్, ఊరికే అరుస్తావు గానీ," అంది. "ఇవాళ్టికి అక్కడే ఉండనీ. వాడొచ్చాక మళ్ళీ ఇంజన్లో పెట్టేస్తాను. ముక్కు దగ్గరైతే అలలకి నానిపోద్ది. పడవకి ప్రాణం ఇంజనే కదా, కాపలా అక్కడే ఉండాలి. కాగితం కొత్తది తెస్తాలే."

సరే అత్తయ్యా అనబోయాను. మొదటిసారి ఆమెతో మెత్తగా ఉందామనుకున్నాను, అరగంట కూడా సాగలేదు. మెత్తగా ఉంటే ఆ మనిషి రేపో ఎల్లుండో చేప కింద కొత్త కాగితం పరిచి కొడుకుని జలసంధిలోకి పంపిస్తుంది.

"పెట్టొద్దు," అన్నాను. "అందులో పెడితే ఇంజను ఆగిపోతుంది."

"అదెందుకు?"

చెప్పాను. గాలిపెట్టె నోరు, వేగం పెరిగితే కాగితం అతుక్కోవడం, గాలాడక మసి, మసికి సెన్సారు పోవడం. చేతులతో చేసి చూపించాను. ఆమె నా చేతుల వైపే చూస్తూ విన్నది. నాచు ఆరబెట్టే పొయ్యిలూ పడవలూ చూసిన మనిషి. రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

"పది రోజుల కిందట ఆగింది, అదీ?"

"అవునత్తయ్యా."

"జనవరిలో?"

"అవును."

పడవ కొండమలుపు దాటింది. ఇంజను చప్పుడు మాత్రం ఇంకా వినిపిస్తోంది. డిసెంబరు సంగతి అడగకపోతే బాగుండునని నేను బుట్టలు సర్దడం మొదలెట్టాను.

"ఆ తొమ్మిది గంటలూ?" అంది.

"తెలీదు," అన్నాను. అబద్ధం కాదు. డిసెంబరులో ఇంజనుతో వచ్చిన పాత సెన్సారే ఉంది. అది దానంతటదే పాడై ఉండొచ్చు. "అప్పటికది పాతది అత్తయ్యా. మేస్త్రీ కూడా అదే అన్నాడు. నిజంగా తెలీదు."

"నా ఇంటికొచ్చి ఇరవై రెండేళ్ళయింది నువ్వు. ఏదైనా తెలీదన్నావా ఎప్పుడైనా?"

నేను సర్దిన బుట్టలే మళ్ళీ సర్దాను.

నాలుగు గంటలు నిలబడిందామె. సూదులు గుచ్చిన మోకాళ్ళు, కూర్చోండంటే కూర్చోలేదు. కోటు తెచ్చి కప్పితే వద్దనలేదు, చేతులు దూర్చుకోనూ లేదు. అన్నం డబ్బా ఆయనకి ఇవ్వడం మర్చిపోయి చేతిలోనే పట్టుకుంది. నేను పచార్లు చేయలేదు ఆ రోజు. ఆమె పక్కనే నిలబడ్డాను. ఒకసారి భుజం మీద చెయ్యి వేశాను. ఆమె దులుపుకోలేదు, ఆనుకోనూ లేదు.

రెండున్నర దాటాక మలుపు అవతల చప్పుడు వినిపించింది. దగ్గు లేదు, ఆగడం లేదు. నిండుగా నాచు వేసుకుని, మునిగే దాకా బరువుతో వస్తూ కూడా ఒకే ఊపున మోగుతోంది. నా ఒంట్లో మూడు నెలలుగా బిగిసిపోయి ఉన్నదేదో వదిలింది. ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, సంతోషంతోనే ఏడ్చాను.

ఆమె వైపు తిరిగాను. కొడుకు పడవ వచ్చేటప్పుడు ముందుకెళ్ళి తాడు అందుకునేది ఎప్పుడూ ఆమే. ఈసారి కదల్లేదు. తల కొంచెం వంచి ఆ చప్పుడే వింటోంది. అది దగ్గరయ్యే కొద్దీ, బాగా వినిపించే కొద్దీ, ఆమె మొహంలో రక్తం ఇంకిపోతోంది.

"ఇది ఇంత బాగా నడుస్తుందా?" అంది.

అన్నం డబ్బా నా చేతిలో పెట్టి, పడవ రేవుకి తగిలేలోపే ఇంటి దారి పట్టింది. తాడు నేను అందుకున్నాను.

"ఈ సెన్సారు బంగారమే," అన్నాడు మా ఆయన దిగుతూ. "అమ్మేది?"

ఆయన మొహం ఎండకీ గాలికీ ఎర్రగా, హాయిగా ఉంది.

"చలిగా ఉందని వెళ్ళింది," అన్నాను.